నేసేవాడి చేతికి తగ్గ మగ్గం, పౌరుడి చేతికి తగ్గ తెర

(చెన్నైలో జరిగిన మన సమాఖ్య వార్షికోత్సవ సభలో ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



నేను చదివింది ఎనిమిదో తరగతి. తర్వాత మగ్గం గుంటలో దిగాను. ముప్ఫై ఏళ్ల పైగా తిరుత్తణి పక్కన మా సంఘానికి కార్యదర్శిగా లెక్కలు రాస్తున్నాను. స్మార్ట్ నగరంలో ప్రజలకు డిజిటల్ సేవలు ఎట్లా ఉండాలి అనే విషయం మీద మాట్లాడమని మన యువజన విభాగం పిల్లలు అడిగారు. "నాయనా, దీనికి ఇంజనీర్లు ఉన్నారు కదా, వాళ్లను పిలవండి" అన్నాను. "పెదనాన్నా, చేసేవాళ్లు చాలామంది మాట్లాడారు, వాడేవాళ్ల తరఫున ఒకరు మాట్లాడాలి" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. అందుకే ఒప్పుకున్నాను.

ఈ చెన్నపట్నం కార్పొరేషన్ 1688లో మొదలైంది. మన దేశంలో ఇంత పాత నగరపాలక సంస్థ ఇంకొకటి లేదు. ఈ నగరం పెరిగింది బట్ట వ్యాపారం మీద. కుంఫిణీ వాళ్లకు ఎగుమతికి బట్ట కావాలి, బట్టకు నేతగాళ్లు కావాలి. గవర్నర్ కాలెట్ కాలంలో తిరువొత్తియూరు పక్కన నేతగాళ్లకు ఒక పేట వేశారు, అదే ఇవాళ్టి కాలడిపేట. తర్వాత 1734లో గవర్నర్ మార్టన్ పిట్ హయాంలో, సుంకురామ చెట్టి తోట ఉన్న చోట ఇంకో పేట వేశారు. చిన్న తరి పేట అన్నారు. తరి అంటే తమిళంలో మగ్గం. అదే చింతాద్రిపేట. ఇళ్లు కట్టుకోవడానికి అప్పులిచ్చి మరీ నేతగాళ్లను పిలిపించారు.

ఈ పాత సంగతి ఎందుకు చెప్తున్నానంటే, నేతపేట వేయాలంటే వీధి నిడివి పడుగు నిడివికి సరిపోవాలి. పడుగు సాగదీసి గంజి పెట్టి ఆరబెట్టడానికి నీడ కావాలి. గుంట మగ్గానికి ఇంట్లో జాగా కావాలి. నేతగాడి పని ఎట్లా జరుగుతుందో తెలియకుండా నేతపేట వేస్తే అక్కడ ఎవరూ ఉండరు. కుంఫిణీ వాళ్లు మన మీద ప్రేమతో ఏమీ చేయలేదు, వాళ్లకు బట్ట కావాలి కాబట్టి చేశారు. అయినా పని చేసే మనిషిని చూసి వీధి వేయాలనే సంగతి అప్పటికే తెలిసినదే. ఇవాళ నగరం మళ్లీ కొత్త వీధులు వేస్తోంది. ఈ వీధులు ఫోనులో ఉన్నాయి. ఈ వీధులు వేసేటప్పుడు మన నడక చూశారా లేదా అన్నదే నా ప్రశ్న.

2015వ సంవత్సరం గుర్తు చేసుకోండి. జూన్ 25న కేంద్ర ప్రభుత్వం స్మార్ట్ నగరాల పథకం మొదలుపెట్టింది. సరిగ్గా 43 రోజులకు, ఆగస్టు 7న, మొదటి జాతీయ చేనేత దినోత్సవాన్ని ప్రధానమంత్రి మన చెన్నైలోనే, మద్రాసు విశ్వవిద్యాలయం శతాబ్ది భవనంలో ప్రారంభించారు. మరుసటి ఏడాది జనవరిలో స్మార్ట్ నగరాల మొదటి జాబితా 20 ఊళ్లతో వచ్చింది, అందులో చెన్నై ఉంది. ఆ పథకం 2025 మార్చితో ముగిసింది. పాండీ బజారులో వెడల్పాటి నడకదారి వచ్చింది. రిప్పన్ భవనంలో నగరాన్ని తెరల మీద చూసే కంట్రోల్ రూము వచ్చింది. ఇంటి పన్ను, జనన ధ్రువీకరణ, కరెంటు బిల్లు, బస్సు టికెట్ అన్నీ ఫోనులోకి వచ్చాయి. 2025 సెప్టెంబరులో చెన్నై వన్ అనే యాప్ వచ్చింది, బస్సుకూ మెట్రోకూ లోకల్ రైలుకూ ఒకే టికెట్ తీసుకోవచ్చు. ఇవన్నీ మంచివే. ఒకే నగరం, ఒకే ఏడాది, రెండు పండగలు. కానీ ఆ రెండో పండగ మనిషి, అంటే మన నేత మనిషి, మొదటి పండగలో ఎక్కడున్నాడు?

ఇంజనీరు పిల్లలు ఇంటర్‌ఫేస్ అనే మాట వాడతారు. మనిషికీ యంత్రానికీ మధ్య ఉండేది అని అర్థం చెప్పారు. నా భాషలో అది గడప. లోపల ఎంత మంచి ఇల్లు కట్టినా, గడప నడుము ఎత్తుగా ఉంటే ముసలివాళ్లు లోపలికి రాలేరు. రాలేనివాడిని చూసి "వీడికి రావడం తెలియదు" అంటాం. గడప ఎత్తుగా ఉంది అని ఎవరూ అనరు.

ముందే ఒక మాట. నేను డిజిటల్ వద్దనేవాణ్ణి కాదు. ఒకప్పుడు సంఘం నుంచి కూలి డబ్బు చేతికి వచ్చేలోపు ఎన్ని చేతులు మారేదో పెద్దలకు తెలుసు. ఇవాళ నేరుగా బ్యాంకులో పడుతోంది. ఒక సర్టిఫికెట్ కోసం తాలూకా ఆఫీసు ముందు పూటలకు పూటలు కూర్చుని, చివరికి బ్రోకరుకు డబ్బిచ్చే రోజులు నేను చూశాను. ఇవాళ ఇ-సేవై కేంద్రంలో రసీదు ఇస్తున్నారు. తమిళనాడులో చేనేత మగ్గానికి రెండు నెలలకు 300 యూనిట్ల ఉచిత కరెంటు ఉంది. అది ఎవరికి పోతోందో లెక్క ఉండాలంటే కంప్యూటరు ఉండాల్సిందే. కాబట్టి నా గొడవ కంప్యూటరుతో కాదు, దాని గడపతో.

మా సంఘంలో ఒక అవ్వ ఉంది. పేరు చెప్పను. డెబ్బై దాటింది. కండెలు చుట్టి బతుకుతుంది. ఆమెకు నెల నెలా పింఛను వస్తుంది. ఒక ఏడాది బతికే ఉన్నట్టు వేలిముద్ర వేయమన్నారు. యాభై ఏళ్లు పోగు లాగిన వేళ్లు అవి. గంజి, రంగు, నూలు రాపిడి. వేలి మీద గీత ఎక్కడ మిగులుతుంది? యంత్రం పది వేళ్లూ ఒప్పుకోలేదు. అయితే ఫోనుకు వచ్చే ఓటీపీ చెప్పమన్నారు. ఆధార్‌కు ఇచ్చిన ఫోను నంబరు కొడుకుది. ఆ కొడుకు తిరుప్పూరులో అద్దకం పనిలో ఉన్నాడు, షిఫ్టులో ఫోను ఎత్తడు. అతను ఎత్తేలోపు ఆ ఓటీపీకి కాలం చెల్లిపోయింది. రెండో రోజు పోతే సర్వర్ లేదన్నారు. మూడో రోజు ఇంకొక మనిషి కూర్చున్నాడు, కంటి యంత్రం తీసి కన్ను చూపించమన్నాడు, రెండు నిమిషాల్లో పని అయిపోయింది. ఆ కంటి యంత్రం మొదటి రోజు కూడా అదే బల్ల కింద ఉంది. దాన్ని తీయమని ఆ తెర చెప్పలేదు, ముందు కూర్చున్న అబ్బాయికి ఎవరూ నేర్పలేదు.

ఇందులో అవ్వ తప్పేముంది? మూడు రోజుల కూలి పోయింది, ఆటో చార్జీలు పోయాయి, అంతకంటే ఎక్కువగా మర్యాద పోయింది. "నీ వేళ్లు సరిగ్గా లేవు" అని పదిమంది ముందు అనిపించుకుంది. ఆ వేళ్లతో నేసిన బట్ట ఎంతమంది ఒంటి మీద ఉందో ఆ యంత్రానికి తెలియదు.

ఇక్కడ మన వాళ్లందరూ తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. వేలిముద్ర పడలేదనే కారణంతో రేషన్ గానీ పింఛను గానీ ఆపకూడదు. ఇట్లాంటివాళ్లకు వేరే దారి చూపాలని ఆధార్ సంస్థే 2017 అక్టోబరులో అన్ని శాఖలకూ రాసింది. 2021 నవంబరు నుంచి పింఛనుదారుల జీవన ప్రమాణ పత్రానికి ముఖం చూపించే పద్ధతి కూడా వచ్చింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీం కోర్టు ఇంకా పెద్ద మాట చెప్పింది. కన్ను ఆర్పి చూపించమనే కేవైసీ వల్ల యాసిడ్ దాడికి గురైనవాళ్లు, చూపు లేనివాళ్లు బ్యాంకు ఖాతా కూడా తెరవలేకపోతున్నారని కేసు వేస్తే, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమే అని తీర్పు ఇచ్చింది. అంటే గడప తగ్గించమని మనం అడిగేది దయ కాదు, హక్కు.

రెండో సంగతి పేర్ల గురించి. ఇది తమిళనాడులో ఉన్న తెలుగువాళ్లకే బాగా తెలిసిన తిప్పలు. తమిళంలో క, గ రెండింటికీ ఒకే అక్షరం. ప, బ, భ అన్నిటికీ ఒకే అక్షరం. త, ద కూడా అంతే. గోవిందమ్మ పేరు తమిళంలో రాస్తారు, అక్కడ తప్పు లేదు, చదివేవాళ్లు సరిగ్గానే చదువుతారు. ఆ తమిళాన్ని చూసి ఇంకొకరు ఇంగ్లీషులో ఎక్కించేటప్పుడు కోవిందమ్మ అవుతుంది. బాలమ్మ పాలమ్మ అవుతుంది. చివర "ఆళ్" చేరితే కోవిందమ్మాళ్ అవుతుంది. రేషన్ కార్డులో ఒకటి, ఆధార్‌లో ఒకటి, బ్యాంకులో ఒకటి. ఇంక ఇంటిపేరు సంగతి చెప్పనక్కర్లేదు. ఆంధ్రా పద్ధతిలో ఇంటిపేరు ముందు ఉంటుంది. ఇక్కడ తండ్రి పేరు మొదటి అక్షరం ఇనిషియల్‌గా పెడతారు. ఫారంలో ఏమో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు ఉంటాయి. మనకు చివరి పేరు అంటూ ఏముంది? ఏదో ఒకటి నింపితే, పేర్లు కలవలేదు అని దరఖాస్తు తిరిగి వస్తుంది.

దీనికి మందు కష్టమైనది కాదు. పేరుకు ఒకటే పొడుగాటి గడి పెట్టండి. కార్డులో ఎట్లా ఉంటే అట్లా రాయనివ్వండి. ఒక అక్షరం తేడా ఉంటే తోసిపుచ్చకుండా, "ఈ రెండూ మీ పేర్లేనా" అని అడిగి, ఆఫీసరుకు పంపండి. మనిషి చూస్తే గోవిందమ్మా కోవిందమ్మా ఒకరే అని ఒక్క క్షణంలో తెలుస్తుంది.

మూడోది, పోగు తెగడం. మగ్గం మీద కూర్చున్నవాళ్లకు తెలుసు, పడుగులో పోగులు తెగుతూనే ఉంటాయి. తెగినప్పుడు ఏం చేస్తాం? నాడె ఆపుతాం, ఏ పోగు తెగిందో చూస్తాం, అక్కడికక్కడ ముడి వేస్తాం, మళ్లీ నేస్తాం. ఒక పోగు తెగిందని చీర మొత్తం కోసి పారేయం. ఫోను ఫారంలో ఏమవుతుందో చూడండి. ఇరవై గడులు నింపుతాం. చివర నొక్కితే ఎర్రగా ఒక మాట వస్తుంది, అది కూడా ఇంగ్లీషులో. ఏ గడిలో తప్పో చెప్పదు. వెనక్కి పోతే నింపినదంతా పోతుంది. ఫోటో సైజు ఎక్కువైంది అంటుంది, ఎట్లా తగ్గించాలో చెప్పదు. నిదానంగా నింపితే కాలం చెల్లింది అని బయటికి తోసేస్తుంది. ముసలివాళ్లు నిదానంగానే నింపుతారు. అది వాళ్ల లోపం కాదు, వయసు. ఏ పోగు తెగిందో చూపించు, అక్కడే ముడి వేసుకోనివ్వు, నేసినదాన్ని పాడుచేయకు. ఇంతే మేం అడిగేది.

నాలుగోది భాష. ఇక్కడ మనం నిజం మాట్లాడుకోవాలి. చెన్నైలో ప్రభుత్వ తెరలు తమిళంలో, ఇంగ్లీషులో ఉంటాయి. అది ఈ రాష్ట్రం పద్ధతి, మనం తమిళం నేర్చుకుని బతుకుతున్నవాళ్లమే, నాకు దాని మీద ఫిర్యాదు లేదు. మన పిల్లలు తమిళం చదువుతారు, చాలామందికి తెలుగు అక్షరాలు రావు. మన ముసలివాళ్లలో కొందరికి తెలుగు అక్షరాలు వచ్చు, తమిళం మాట్లాడడమే గానీ చదవడం రాదు. ఇంకా చాలామంది ఆడవాళ్లకు ఏ అక్షరాలూ రావు. 2019-20 చేనేత జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద 35 లక్షల మందికి పైగా నేత, అనుబంధ పనులవాళ్లు తేలారు. నేతగాళ్లలో నూటికి డెబ్బై మందికి పైగా ఆడవాళ్లే. అక్షరం రానివాళ్లకు తమిళమైనా తెలుగైనా తెర మీద గీతలే. వాళ్లకు కావాల్సింది మాట. 2022 జులైలో కేంద్రం భాషిణి అనే పని మొదలుపెట్టింది. ఒక భాషలో మాట్లాడితే ఇంకో భాషలో చెప్పే పని అది. దాన్ని వాడి, నొక్కితే చదివి వినిపించే బొమ్మ ప్రతి తెర మీదా పెట్టవచ్చు. చట్టం కూడా ఒకటుంది. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దశలవారీగా అమల్లోకి వస్తోంది. మన వివరాలు వాడుకోవడానికి మన అంగీకారం అడిగేటప్పుడు, ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఏదో ఒకదానిలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలని అందులో రాశారు. తెలుగు ఆ 22లో ఉంది. మనం అడిగితేనే కదా ఇస్తారు.

తప్పులు మాత్రమే చెప్పి కూర్చుంటే మర్యాద కాదు. బాగున్నవి కూడా చెప్తాను, ఎందుకు బాగున్నాయో కూడా చెప్తాను.

చెన్నై కార్పొరేషన్ ఫిర్యాదు నంబరు 1913. రిప్పన్ భవనం తెరిచింది కూడా 1913లోనే. నాలుగు అంకెలు. బటన్ల ఫోనైనా చాలు. అవతల మనిషి పలుకుతాడు. వీధి దీపం వెలగలేదు, చెత్త తీయలేదు అని నోటితో చెప్పవచ్చు. నా లెక్కలో నగరంలో ఉన్న మంచి గడపల్లో అదొకటి.

ఇంకోటి గులాబీ బస్సు. 2021 మే నుంచి తమిళనాడులో ఆడవాళ్లకు మామూలు టౌను బస్సుల్లో టికెట్ లేదు. ఏ బస్సు ఉచితమో తెలియక స్టాపులో ఇబ్బంది పడుతుంటే, 2022లో చెన్నైలో ఆ బస్సుల ముందూ వెనకా గులాబీ రంగు వేశారు. అంతే. యాప్ లేదు, కార్డు లేదు, చదువు అక్కర్లేదు. దూరం నుంచి రంగు చూసి మన అక్కలు చెయ్యి ఎత్తుతున్నారు. ఒక డబ్బా రంగు చేసిన పని పెద్ద పెద్ద యాప్‌లు చేయలేదు. రంగు విలువ నేతవాళ్లకు ఒకరు చెప్పాలా?

2022 నవంబరులో కరెంటు నంబరుకు ఆధార్ కలపమన్నారు. ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు అన్నారు, దానితో పాటు సెక్షన్ ఆఫీసుల్లోనే ప్రత్యేక శిబిరాలు పెట్టారు, గడువు కూడా పొడిగించారు. ఫోను ఉన్నవాడు ఇంట్లో చేసుకున్నాడు, లేనివాడు కార్డు పట్టుకుని పోయాడు. రెండు దారులూ తెరిచి ఉంచడం అంటే అది.

మన అవతలి రాష్ట్రం చూడండి. 2001లోనే హైదరాబాదులో ఇ-సేవ కేంద్రాలు పెట్టి అన్ని బిల్లులూ ఒకే కిటికీ దగ్గర కట్టించారు. 2011లో మీసేవ వచ్చింది. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్‌లో మన మిత్ర అని వాట్సాప్ సేవలు 161 సేవలతో మొదలుపెట్టారు. కొత్త యాప్ నేర్చుకోమనకుండా, జనం చేతిలో అప్పటికే ఆడుతున్న వాట్సాప్‌లోకి ప్రభుత్వాన్ని తెచ్చారు. అది తెలివైన పని. అయితే స్మార్ట్‌ఫోను లేనివాడికి అది కూడా గడపే. అందుకే ఒక్క దారి ఎప్పుడూ చాలదు.

ఇప్పుడు మన వాళ్ల గొప్ప చెప్తాను. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తెలియనివారు ఈ సభలో ఉండరు. బడి మధ్యలో మానేసిన నేతబిడ్డ. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అర్ధచంద్రంలా ఉన్న కొయ్యల చుట్టూ పోగును చేత్తో వేల సార్లు తిప్పాలి. వాళ్ల అమ్మ లక్ష్మి గారికి భుజం నొప్పి. ఆ నొప్పి చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం చేశారు. అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అంతకుముందు చదువుకున్న ఇంజనీర్లు దేశంలో లేకనా? ఉన్నారు. కానీ ఆ భుజం పక్కన రోజూ కూర్చున్నవాడు ఆయన. యంత్రం ఎవరికోసమో ముందు తెలిసింది, యంత్రం తర్వాత వచ్చింది. మన నగరం తెరలు చేసేవాళ్లు ఎవరి భుజం నొప్పి చూసి చేస్తున్నారు?

మా అన్న కూతురు ఓఎంఆర్ రోడ్డులో సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉంది. ఈ ప్రసంగం కోసం ఆ అమ్మాయిని అడిగాను. "చిన్నాన్నా, దీనికి ఒక చదువే ఉంది" అని చెప్పింది. అమెరికాలో జాకబ్ నీల్సన్ అనే ఆయన 2000 సంవత్సరంలో రాశాడట, ఒక తెరను అయిదుగురు మామూలు మనుషుల చేత వాడించి పక్కన కూర్చుని చూస్తే చాలు, ఉన్న ఇబ్బందుల్లో ఎక్కువ భాగం బయటపడతాయని. అయిదుగురంటే అయిదుగురే. కోట్లు అక్కర్లేదు. మా అవ్వను, ఇంకో నలుగురిని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఒక పూట చూస్తే సరిపోయేది. మొదటి పూటే వేలిముద్ర సంగతి, ఓటీపీ సంగతి తెలిసిపోయేవి. నేర్పడానికి కాదు, చూడడానికి కూర్చోవాలి. మధ్యలో చెయ్యి అడ్డం పెట్టి "ఇక్కడ నొక్కు అవ్వా" అనకూడదు. ఎక్కడ ఆగిపోయిందో అదే సమాధానం.

ఇంకొక అపాయం గురించి కూడా చెప్పాలి. "మీ కరెంటు ఈ రాత్రి తొమ్మిదింటికి కట్ అవుతుంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని దొంగ మెసేజీలు వస్తున్నాయి. అసలు ఆఫీసు మెసేజీ కూడా అట్లాగే బెదిరిస్తూ, అర్థం కాని ఇంగ్లీషులో, నీలం గీత లింకుతో వస్తే, ఏది దొంగదో ఏది దొరదో ఎట్లా తెలుస్తుంది? అసలు మెసేజీ నిదానంగా, మర్యాదగా, మన భాషలో ఉండాలి. లింకు నొక్కమని అడగకూడదు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి అని ఒకవైపు అంటూ, బ్రౌజింగ్ సెంటర్ అబ్బాయికి ఓటీపీ చెప్పకపోతే పని జరగని విధంగా ఇంకోవైపు తెరలు చేస్తున్నారు. ఇది మనిషిని గుంటలోకి తోసి జాగ్రత్త చెప్పినట్టు. ఎవరికైనా డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి ఆలస్యం చేయవద్దు.

నగరపాలక సంస్థకూ ప్రభుత్వ శాఖలకూ మన సమాఖ్య తరఫున ఒక మహజరు ఇవ్వాలని నా మనవి. అందులో ఈ అయిదు మాటలు ఉండాలి. ఒకటి, ఏ సేవకైనా ఫోను దారితో పాటు మనిషి కూర్చున్న కిటికీ ఒకటి ఉండాలి. రెండు, వేలిముద్ర పడకపోతే తర్వాత ఏం చేయాలో ఆ తెర మీదే రావాలి. మూడు, తప్పు ఎక్కడో చూపించి, నింపినది పోకుండా చూడాలి. నాలుగు, పెద్ద అక్షరాలు, నల్లటి అక్షరాలు, నొక్కితే వినిపించే గొంతు ఉండాలి. తెల్లటి మీద బూడిద రంగు అక్షరాలు మా కళ్లకు కనపడవు. అయిదు, కొత్తది ఏది తెచ్చినా ముందు అరవై దాటిన అయిదుగురి చేత వాడించి చూడాలి. ఆ అయిదుగురిని మేమే పంపుతాం, కూలి కూడా అడగం.

పక్కవాళ్లకు చెప్పే ముందు మన ఇల్లు కూడా చూసుకోవాలి. వచ్చే ఏడాది నుంచి విద్యార్థుల ఉపకార వేతనాలు, వైద్య సహాయం దరఖాస్తులు అన్నీ యాప్ ద్వారానే తీసుకోవాలని కార్యవర్గంలో ఆలోచన ఉంది. పిల్లలు కష్టపడి చేస్తున్నారు, వాళ్లను మెచ్చుకుంటున్నాను. దరఖాస్తుల లెక్క ఒక్కచోట ఉంటుంది, ఎవరికి ఎంత ఇచ్చామో అందరికీ తెలుస్తుంది. నా అభ్యంతరం ఒక్క మాట మీదే. "యాప్ ద్వారా" అనండి, "ద్వారానే" అనకండి. ఆ "నే" అనే అక్షరం దగ్గర మన సంఘంలో సగం మంది అవ్వలు ఆగిపోతారు. వైద్య సహాయం అవసరమయ్యేది ఎవరికి? వాళ్లకే కదా. ఆసుపత్రిలో మంచం మీద ఉన్న మనిషిని ఓటీపీ అడగడం మన సమాఖ్య చేయాల్సిన పని కాదు.

కాబట్టి కార్యవర్గానికి మూడు విన్నపాలు. కాగితం దరఖాస్తు కూడా ఉండాలి, దాన్ని సంఘం గుమాస్తానే కంప్యూటరులో ఎక్కించాలి. ప్రతి సంఘంలో నెలకు ఒక ఆదివారం ఇద్దరు చదువుకున్న పిల్లలు కూర్చుని పెద్దవాళ్ల ఫోను పనులు చేసిపెట్టాలి. చేసిపెట్టేటప్పుడు ఫోను లాక్కుని చేయకూడదు, వాళ్ల వేలితోనే నొక్కించాలి, వాళ్ల పిన్ను అడగకూడదు, రాసుకోకూడదు. మూడోది, యాప్ తయారయ్యాక విడుదల సభకు ముందు ఒక పూట దాన్ని మా ఊరికి తీసుకురండి. సంఘం వరండాలో మా వాళ్ల చేత వాడించి చూద్దాం. మంచిదని తేలితే మొదటి దరఖాస్తు నేనే పెట్టిస్తాను.

ఈ ఏడాది మన సంచిక కూడా అచ్చులో కాక ఫోనులో వస్తోంది. ఖర్చు తగ్గుతుంది, దుబాయిలో, అమెరికాలో ఉన్న మన పిల్లలు కూడా చదువుతారు. సంతోషం. అయితే సంపాదకవర్గానికి ఒక మాట, అక్షరాలు పెద్దవిగా పెట్టండి. వేళ్లతో లాగి పెద్దవి చేసుకుంటే వరస తప్పిపోతోంది. వీలైతే ప్రతి సంఘానికి ఒక్క కాపీ అయినా అచ్చు వేసి పంపండి. వరండాలో ఒకరు చదువుతుంటే పదిమంది వింటారు. మన ఊళ్లలో పత్రిక చదవడం అంటే ఇప్పటికీ అదే.

 మహజరు మీద సంతకాల కాగితం బయట భోజనాల దగ్గర బల్ల మీద ఉంది. పెన్ను కూడా పెట్టాం. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేయవచ్చు. గీతలు సరిగ్గా పడకపోయినా మేము ఒప్పుకుంటాం.